నడిచేంత బలం

గురవయ్య తాటిచెట్టు మీది నుంచి పడ్డాడంటే ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కల్లుగీత పని చేసే ఇండ్లలో ఎప్పుడో ఒకప్పుడు వినవలసిన మాటే అది. పడి బతికాడన్నాకే జనం పనులు మానుకొని చూడ్డానికొచ్చారు. సగం దిగాక జారాడు, కింద అప్పుడే దున్నిన చెలక మెత్తగా ఉంది, అందుకని ప్రాణం దక్కింది. నడుము మాత్రం దక్కలేదు.

నల్లగొండలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఎముక చిట్లింది, నరానికేం కాలేదు, చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి అన్నాడు. ఇంట్లో ఉన్నవి నులక మంచాలు. గురవయ్య భార్య సోమమ్మ ఆలోచించి ఆలోచించి మేకల కొట్టం తలుపు ఊడదీసి తెచ్చి, దాని మీద పడుకోబెట్టింది. ఆ వానాకాలమంతా మొగుడు తలుపు మీద, తలుపు పోయిన మేకలు ఇంట్లో. తలుపు మేకలదే అయినా సర్దుకోవలసింది మేకలే కదా. సోమమ్మ మొగుడికీ మేకలకూ మేతా నీళ్లూ చూసి, మరిది భిక్షపతి దించి తెచ్చిన కల్లు అమ్మి, పగలు కలుపు కూలికి పోయి, పొద్దు గుంకినాక ఇంటికొచ్చి కాసేపు గడపలో ఊరికే కూర్చునేది. అప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు.

దసరా దాటాక గురవయ్య లేచాడు. లేచాడంటే పక్కకు దొర్లి, మోచేతుల మీద ఆనుకొని, గోడ పట్టుకొని లేచాడు. కాసేపు కూర్చుంటే నడుము నిలవడం లేదంటూ మళ్లీ ఒరిగేవాడు. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే మోకు మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేసి, ఆకాశంలో పీట వేసుకున్నట్టు కూర్చొని గెలలు గీసిన మనిషి చెంబెడు నీళ్లకు పెళ్లాన్ని పిలవాల్సి వచ్చింది. ఆ పిలుపు అతనికీ బాగుండేది కాదు, ఆమెకూ బాగుండేది కాదు.

రెండోసారి చూపించుకోవడానికి పోతే డాక్టరు వీపు తడిమి చూసి, "ఎముక అతికింది. పడుకొని పడుకొని పొట్ట కండరాలు వదులైపోయినయి. అవి గట్టిపడితేనే నడుము నిలుస్తుంది. కసరత్తు చెయ్యి" అని, తర్వాతి మనిషిని పిలిచాడు. ఏం కసరత్తో అడుగుదామంటే వెనక జనం తోసుకొస్తున్నారు.

బస్సెక్కినాక సోమమ్మకు కోపం వచ్చింది.

"పొద్దుమాపు తాళ్లెక్కి దిగినోనికి కసరత్తట! పనిలేనోళ్లు చేసుకునేదది. మనకెందుకు?"

"గిప్పుడు నాకు పనేడున్నదే" అన్నాడు గురవయ్య.

ఆమె బస్సు టికెట్లు కొంగున ముడేసుకుంది.

ఊళ్లో సలహాలకు కరువా? చిట్లిన నడుముతో కసరత్తు చేస్తే కొండనాలుకకు మందేసి ఉన్న నాలుక పోగొట్టుకున్నట్టేనని కొందరన్నారు. పసరు కట్టు కట్టించమని కొందరన్నారు. చివరికి భిక్షపతి అన్నావదినెలను నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీ టైర్లకు పంచర్లేసే బషీర్ దగ్గరికి తీసుకుపోయాడు. బషీర్ ఒకప్పుడు పహిల్వాను, ఉర్సుల్లోనూ జాతరల్లోనూ కుస్తీలు పట్టినవాడు. ఇప్పటికీ చెయ్యి బెణికినా, కాలు మడతపడ్డా జనం అతని దగ్గరికే వస్తారు. కుస్తీలు మానాక పెరిగిన బొజ్జ బనీను కింద నుంచి బయటికొస్తుంటుంది. సోమమ్మ చూపు దాని మీదే ఉందని అతను కనిపెట్టాడు.

"నవ్వకు చెల్లె. గీ పొట్ట కిందనే ఒకప్పటి పొట్ట ఉన్నది" అని తనే నవ్వాడు. గురవయ్యను గోనెసంచి మీద పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కాడు. "నడుము ఎన్కకుంటది గురవయ్యా, దాన్ని నిలబెట్టేది ముంగటుంటది. మోకు మీద ఒరిగినప్పుడు నిన్ను పట్టింది నడుమనుకుంటున్నవా? కడుపు పట్టింది. దాన్ని లేపుకుంటె నడుము దానంతటదే లేస్తది."

తర్వాత ఒక్కొక్కటే చూపించాడు. మోకాళ్లు మడిచి పడుకోవాలి. ఒకరు పాదాల మీద కూర్చొని కాళ్లు కదలకుండా పట్టుకోవాలి. ఊపిరి వదులుతూ తల, భుజాలు మెల్లగా లేపాలి, ఎగిరెగిరి లేవకూడదు. తర్వాత బోర్లా తిరిగి మోచేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని కర్రలా నిలపాలి. నొప్పి కాలిలోకి దిగితే ఆపెయ్యాలి.

"ఎవలు పట్టుకోవాలె కాళ్లు?" అన్నది సోమమ్మ.

"ఇంకెవలు? నువ్వే" అన్నాడు బషీర్.

అట్లా ఆమె పనుల్లో ఇంకొకటి చేరింది. పొద్దున వాకిలి ఊడ్చి, మేకలు విప్పి, మొగుడి పాదాల మీద కూర్చునేది. మొదట్లో గురవయ్య తల తప్ప ఏమీ లేచేది కాదు. ముఖం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బి, కిందపడి, కాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయేవాడు. సోమమ్మకు ఏడుపొచ్చేది. ఆమె ఏడిస్తే అతనికి కోపమొచ్చేది. పొరుగింటి వాళ్లు దడి మీది నుంచి తొంగిచూసి, "ఏంది సోమమ్మా, మొగున్ని సర్కస్‌ల తోలుతున్నవా?" అనేవారు. "మీ ఆయినను గుడ పంపు, ఇద్దర్ని తోల్త" అనేది ఆమె.

చలి ముదిరేనాటికి భుజాలు లేచాయి. తర్వాత వీపు లేచింది. ఒకరోజు చెంబు తనే ముంచుకొని తాగాడు. ఆ రోజు సోమమ్మ ఎల్లమ్మకు కొబ్బరికాయ కొట్టింది. ఇంకొన్నాళ్లకు చేను గట్ల దాకా నడిచి మేకలను తోలుకొచ్చాడు. ఆమె సంతోషం అక్కడితో సరిపోయింది. అక్కడితో ఆగితే బాగుండుననుకుంది.

ఒక పొద్దున లేచి కూర్చొని, ఆమె చెయ్యి లాక్కొని తన కడుపు మీద పెట్టుకున్నాడు.

"ముట్టి చూడే. చింతమొద్దు తీరుగున్నది. మాఘంల సంఘపోళ్లు తాటిచెట్లు పంచేనాటికి మోకేస్త."

సోమమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమెకు భయమేసింది. ఇన్నాళ్లూ తాను కూర్చొని కూర్చొని తయారుచేసింది దీన్నా? కూర్చునేంత బలం కావాలనుకుంది, నడిచేంత బలం కావాలనుకుంది. చెట్టెక్కేంత బలం ఆమె ఏ దేవుణ్నీ అడగలేదు.

ఆ రోజు కూలికి పోకుండా ఒక్కతే నార్కట్‌పల్లి పోయింది. బషీర్ టైరు మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, నడిచెటంత బలమే వచ్చేటట్టు జర చెప్పరాదె. అంతకంటె ఎక్కువొద్దు."

బషీర్ నవ్వలేదు. "బలానికి కొలత ఉంటదా చెల్లె? దుకాణంల పావుశేరు తూకమేసి ఇచ్చినట్టు ఇయ్యొస్తదా?"

"అయితె బంద్ పెట్టిస్త."

"పెట్టించు. వంగుకుంట వంగుకుంట మల్ల మంచాన పడ్తడు. గప్పుడు నువ్వే ఎత్తాలె, నువ్వే కడగాలె. చేయిస్తె చెట్టెక్కుతడేమో. చేయించకుంటె నడుము పోతది, గది పక్కా. ఇగ నీ ఇష్టం." బీడీ నేలకేసి నలిపి, "నేను గూడ కుస్తీ బంద్ పెట్టమంటె పెట్టలె. మా ఇంటామె బాగ ఏడ్చేది" అన్నాడు.

ఎవరినని ఏం లాభం? ఆమె ఎర్రబస్సులో నిలబడి ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున మామూలుగానే పాదాల మీద కూర్చుంది. గురవయ్య సగం లేచాడు. ఆమె ఉన్నట్టుండి లేచి నిలబడింది. కాళ్లు తేలిపోయి అతను ధబ్బున వెనక్కి పడ్డాడు.

"ఏందే?"

"నేను పట్ట. నిన్ను చెట్టెక్కించనీకి నేను కాళ్లు పట్టాల్నా? నీకు బొట్టు బెట్టి పంపి, మల్ల చాపల చుట్టుకొస్తుంటె నేను ఎదురుంగ పోవాల్నా?"

"ఎక్కకుంటె ఏం తింటమే?"

"కూలికి పోతున్న. నువ్వు మేకలు కాయి. తినకుంట ఎవలన్న సచ్చిన్రా?"

గురవయ్య లేచి గోడకు ఆనుకున్నాడు. తర్వాత, "సారా బందైన కాడికెళ్లి జనం కల్లుకే వస్తున్రు. తమ్ముడొక్కడు ఎన్ని తాళ్లని ఎక్కుతడు? వాని కాళ్లు చూసినవా, పుండ్లు పడ్డయి" అన్నాడు. ఆ తర్వాత ఇంకా మెల్లగా, "మేకలు కాసుకుంట తిరిగితె నేనెవన్నే?" అన్నాడు.

మర్నాటి నుంచి అతను ఆమెను పిలవలేదు. మంచం మీద జొన్నల బస్తా ఎత్తి, మంచం పట్టె కింద పాదాలు దూర్చి ఒక్కడే చేసుకున్నాడు. ఆ బస్తా ఎత్తగలిగాడంటే ఇక ఆమె పట్టుకున్నా పట్టుకోకపోయినా ఒకటే. తాడిచెట్టెక్కేవాణ్ని ఎంతదాకా ఎగదోస్తామంటారు, కిందికి గుంజడం కూడా అంతే. సోమమ్మ పొయ్యి దగ్గర కూర్చొని, అతను ఊపిరి వదిలే చప్పుడు వింటూ రొట్టెలు మాడ్చేది. మాడిన రొట్టె పెట్టినా అతను ఏమనేవాడు కాదు.

మాఘం వచ్చింది. గీత సంఘం పెద్ద ఎల్లయ్య తాళ్లు పంచడానికి అందరినీ చెరువు వెనక తాటివనానికి రమ్మన్నాడు. ఎక్కేవానికే చెట్టు, అది సంఘం కట్టు. ఎవరి వంతు మొదటి తాడిచెట్టుకు వాళ్లు పసుపు కుంకుమ పెట్టి, గీతవాళ్ల దేవుడు కాటమయ్యకు మొక్కి, ఎక్కి దిగాలి. ఎక్కనివాని వంతు ఇంకొకరికి పోతుంది. సోమమ్మ పోగూడదనుకుంది. ఇంట్లో ఉండలేక పోయింది.

భిక్షపతి ఎక్కి దిగాడు. మిగతావాళ్లూ ఎక్కి దిగారు. గురవయ్య తన తాడికి బొట్టు పెట్టి, కళ్లకద్దుకొని, మోకు చుట్టి వేసుకున్నాడు. అంగీ లేదు. పొట్ట నిజంగానే రాయిలా బిగుసుకొని ఉంది. అతన్ని చూసి ఎల్లయ్య, "బలే తయారైనవురా గురవయ్యా. పడకముందు గుడ గిట్ల లేవు" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. సోమమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గురవయ్య పైకి చూశాడు. ముడి విప్పి మళ్లీ బిగించాడు. అరచేతుల్లో ఉమ్మి రుద్దుకున్నాడు. కాలు చెట్టుకు ఆనించాడు, దించాడు. మళ్లీ ఆనించాడు. మోకు సరిగా లేదన్నట్టు ఇంకోసారి సర్దుకున్నాడు.

"ఏందిరా, మూర్తం చూస్తున్నవా?" అని ఎవరో నవ్వారు.

అతను కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి సోమమ్మకు తెలిసిపోయింది. ఒంట్లో ఉండవలసిన బలమంతా ఉంది. కాలే నేల వదలడం లేదు. నుదుటి మీద చెమట కారుతోంది, మాఘమాసం చలిలో. ఆమె కోరుకున్నది ఇదే కదా, ఎక్కవద్దనే కదా. దేవుడు ఇచ్చాడు, ఇచ్చేది ఇంట్లో ఇవ్వకుండా నలుగురి ముందర ఇచ్చాడు. సంతోషించాల్సిన ఆ క్షణంలో ఆమె మొగుడి ముఖం చూసి నోట్లోని కొంగు తీసేసింది.

"నవ్వుడు గాదు, ఎక్కితె ఎక్కు, లేకుంటె జరుగు" అన్నాడు ఎల్లయ్య. అతనికి తొందరగా ఉంది, చెడ్డవాడేం కాదు.

గురవయ్య మూడోసారి కాలు ఎత్తబోయాడు. అంతలో సోమమ్మ జనాన్ని తోసుకొని ముందుకొచ్చింది.

"ఎక్కనియ్య! నేనెక్కనియ్య!" అని అరిచింది. తాటివనమంతా వినబడేలా అరిచింది. "నీకు సిగ్గు లేకుంటె నాకన్న ఉండొద్దా? బొందల నుంచి లేపుకొచ్చుకున్న నిన్ను! నువ్వు గీ చెట్టెక్కినవో, గీడనే తల పగలగొట్టుకొని సస్త. ఎల్లయ్య మామా, వీనికి చెట్టిచ్చినవంటె నా ఉసురు నీకు తగుల్తది, చెప్తున్న!"

మోకు పట్టుకొని లాగింది. గురవయ్య "జరుగు, జరుగే, సిగ్గు దీస్తున్నవు" అంటూ తోసినట్టు చేశాడు. ఆ తోపులో బలం లేదు. ఆమె చెట్టుకు అడ్డం నిలబడి, ముడి విప్పి, మోకు తన భుజాన వేసుకుంది. మరిది "వదినె, జర నిమ్మలం" అని దగ్గరికొస్తే అతన్నీ తిట్టింది. గురవయ్యకు పట్టిన చెమట ఇక ఎవరికీ గుర్తు లేదు. అందరూ సోమమ్మనే చూస్తున్నారు.

"పెండ్లానికి జడిసిండురా" అన్నారెవరో. "ఏం జేస్తడు పాపం, గంత మంచిగ తయారై వచ్చిండు. ఆడదాని నోరు అసుంటిది" అన్నారింకెవరో. ఎల్లయ్య తల ఊపి, గురవయ్య వంతు భిక్షపతికి రాసెయ్యమన్నాడు.

ఇద్దరూ చెరువు కట్ట మీదుగా ఇంటి దారి పట్టారు. జనం కనబడినంత దూరం గురవయ్య ఆమెను తిడుతూనే ఉన్నాడు. ఇంటి మానం మంట గలిపిందన్నాడు, పుట్టింటికి పొమ్మన్నాడు. ఆమె తల వంచుకొని నడిచింది. కట్ట మలుపు తిరిగి తాటివనం కనబడకుండా పోయాక అతని నోరు ఆగింది. రేపటి నుంచి మళ్లీ కూలి, ఎల్లుండీ కూలి. సోమమ్మకు ఆ కట్ట మీదే పడుకోవాలనిపించింది.

"నువ్వు అడ్డం రాకుంటె ఎక్కెటోన్ని" అన్నాడు గురవయ్య. ఆమె ముఖం చూడలేదు.

సోమమ్మ భుజం మీది మోకు ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఎక్కెటోనివే" అంది. "నేనే ఎక్కనియ్యలె."

"ఎవలన్న అడిగితె గట్లనే చెప్తవా?"

"గట్లనే చెప్త."

ఊళ్లో ఆమెకు గయ్యాళి అన్న పేరు ఆ రోజే వచ్చింది. ఎవరడిగినా ఆమె అదే చెప్పింది. కొన్నేండ్లకు గురవయ్య కూడా నిజంగానే అట్లా జరిగిందనుకొని, కోపమొచ్చినప్పుడల్లా దాన్నెత్తి దెప్పేవాడు. సోమమ్మ ఎన్నడూ దిద్దలేదు.