మంచం కింది మల్లీశ్వరి

మే నెలలో అనంతపురం ఎండంటే ఎండా అది! ఆస్పత్రి వార్డులో మంచాలు కాలిపోతుంటే రోగులు దిగి చల్లటి బండల మీద పడుకునేవారు. ఖాళీ మంచం దండగ ఎందుకని వెంట వచ్చినవాళ్లు దాని మీద నడుం వాల్చేవారు. ఈ సంగతి అందరికీ తెలుసు, ధర్మవరం మగ్గాల ఇంటి నుంచి నర్సు చదువు కోసం వచ్చిన చంద్రికకు తప్ప.

ఆ పిల్ల మంచం నంబరు చూసుకుంది. "చెయ్యి చాపవ్వా" అంది. మంచం మీది ముసలామె చాపింది. చంద్రిక ఇన్సులిన్ వేసేసింది.

"సిస్టరమ్మా, నాకు ఎయ్యవా సూది?" అని మంచం కింద నుంచి గొంతు వినిపించింది. షుగర్ రోగి మల్లీశ్వరి అక్కడ పడుకుని ఉంది. సూది పడింది ఆమె అత్త ఆంజినమ్మకు.

చంద్రికకు తన తప్పు అర్థమైంది. చెబితే చదువు మానిపించి ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే అవ్వకు చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. పాపం, ఏడుస్తూనే టీచరు హేమలత దగ్గరికి పరుగెత్తింది. "మేడమ్, అవ్వకు తప్పు సూది వేసినా!"

హేమలత వెంటనే వార్డుకు వచ్చింది. గ్లూకోజు పట్టించి, అవ్వ చెమటలు ఆరి తేరుకునేదాకా పక్కనే కూర్చుంది.

"సూది నాకెందుకని అడగొద్దా అవ్వా?" అంది హేమలత.

"సిస్టరమ్మ సాపమంటే సాపకుండా ఉంటామా? బలానికేమో అనుకుంటి."

మర్నాడు క్లాసులో హేమలత, "ఎవరు చేసినారని అడగను. ఎట్ల జరిగిందో చెప్పండి" అంది.

"మంచాల మీద వేరేవాళ్లను పడుకోనియ్యకూడదు మేడమ్" అంది ఒక పిల్ల.

"ఈ ఎండలో నీ మాట ఎవరు వింటారు తల్లీ?"

అందరూ నవ్వారు. చంద్రిక మెల్లగా లేచింది. "నేను మంచాన్ని చూసినా, మనిషిని అడగలే. పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకోవల్ల మేడమ్."

"ఈ పొద్దు నుంచి వార్డులో అదే పద్ధతి. నువ్వే మొదలుపెట్టు" అంది హేమలత. తనను పంపేయరని అప్పుడర్థమై చంద్రికకు కన్నీళ్లు ఆగలేదు.

కానీ వార్డుకు పోయాక ధైర్యం చాల్లేదు. సూది హేమలతకే ఇచ్చేసి వెనక నిలబడింది. మంచం మీది ఆంజినమ్మ ఊరుకుంటుందా!

"నువ్వొద్దమ్మా. మా కోడలికి ఆ పాపే ఎయ్యల్ల. దాచకుండా చెప్పింది గాబట్టే నేనింకా ఈడ ఉండా."

చంద్రిక సూది అందుకుని బండల మీద కూర్చుంది. "నీ పేరేమక్కా?"

"మల్లీశ్వరి" అంటూ ఆమె నవ్వి చెయ్యి చాపింది.