తాలు లారీ

2004 ఫిబ్రవరిలో తోమా ఒక పిల్లల పుస్తకానికి పన్నెండు బళ్ల బొమ్మలు వేశాడు. పత్తికాయ విమానం, బెండకాయ రైలు, గుమ్మడికాయ ఆటో, పొగాకు ఆకును తెరచాపగా కట్టిన పడవ, అలాంటివి. పుస్తకం అట్ట మీదకు మిరపకాయ లారీ. తొడిమ వైపు డ్రైవరు కూర్చుంటాడు. ఎరుపు ఉన్నది ఆ ఒక్క బొమ్మలోనే.

కథ రాసింది ఊరి బడి టీచరు రెబ్కా. పిల్లల పుస్తకాలు అచ్చువేసే ఒకాయన గుంటూరులో ఉన్నాడు. సోమవారం ఆయనకు బొమ్మలు చూపించాలి.

తోమాకు అరవై రెండేళ్లు. సత్తెనపల్లిలో ముప్పై ఏళ్లు లారీల మీద, ట్రాక్టరు ట్రక్కుల మీద పేర్లు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల బోర్డులు పోయాయి. రెండేళ్లుగా ఎవరూ పిలవలేదు. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. కుడి కంట్లో శుక్లం ముదిరిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని కూడా ఉండదు.

ఆదివారం ఆరాధన అయ్యాక రెబ్కా చర్చి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. తోమా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఈ ఆటో ఎక్కితే గింజలు అంటుకోవూ?" అన్నాడొకడు.

"నిన్నెవరు ఎక్కించుకుంటార్రా? గుమ్మడికాయ పగిలిద్ది," అంది స్తుతి.

స్తుతికి తొమ్మిదేళ్లు. ఆ నెలంతా పొద్దున్నే తల్లితో కల్లానికి వెళ్లి ఎండుమిరపకాయల్లో తాలు ఏరి, ఆ తర్వాత బడికి వస్తోంది. రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు. అది ఎర్రకాయల్లో కలిస్తే సరుకంతా చెడుతుంది.

రెబ్కా మిరపకాయ లారీ తీసింది. స్తుతి దాన్ని అందుకుని పక్కన నేల మీద పెట్టింది.

"పక్కన పెట్టావేంటే?"

"తాలు, టీచర్."

పిల్లలు వంగి చూశారు. "తాలే," అన్నారు. ఎవరో "తాలు లారీ" అన్నారు. మిగతావాళ్లు అందుకున్నారు.

తోమా వచ్చి బొమ్మ తీసుకుని ఎండలోకి వెళ్లాడు. ముఖానికి జానెడు దూరంలో పెట్టుకున్నాడు. అతనికది ఎర్రగానే ఉంది. వేసేటప్పుడు సీసాలో ఎరుపు నల్లగా కనిపిస్తే, తన కంటికి ఎర్రబడేదాకా తెలుపు కలిపాడు. ఒక్క బొమ్మకే తెలుపు సీసా సగం ఎందుకయిందో ఇప్పుడు తెలిసింది.

పిల్లలు వెళ్లాక రెబ్కా దగ్గరికి వచ్చింది.

"నేను మొదటి రోజే చూశాను బాబాయ్. కావాలనే వేశారేమో అనుకున్నా."

"తెలిసి తాలు కలిపేవాళ్లున్నారు. నేను కాదమ్మా," అన్నాడు. కంటి సంగతి చెప్పాడు.

"ఆపరేషన్ చేయించుకోకపోయారా?"

"చెడితే ఇంకోటి లేదు."

స్తుతి ఇంటికి పోలేదు. తిడతారేమోనని మెట్ల దగ్గరే నిలబడింది. తోమా ఆమెను పిలిచాడు. ముగ్గురూ చర్చి వెనక అతని ఇంటికి వెళ్లారు. కొత్త అట్టముక్క మీద మళ్లీ లారీ గీసి, పళ్లెంలో రంగు కలిపాడు.

"ఇది?"

"తాలు."

ఎరుపు పోశాడు. "ఇది?"

"ఇదీ తాలే తాతా. కొంచెం."

ఇంకా పోశాడు. స్తుతి చాలాసేపు చూసింది. "ఇది కాయ," అంది.

తోమా కంటికది నలుపు. ఆ నలుపుతోనే లారీ మొత్తం నింపాడు.

బొమ్మ ఆరాక రెబ్కా అట్టలన్నీ గుడ్డలో చుట్టింది. "రేపు ఏడింటి గుంటూరు బస్సుకు మీరూ రండి బాబాయ్. ఆయన్ని చూశాక కళ్లాసుపత్రికి పోదాం."

తోమా బ్రష్ కడుగుతున్నాడు. కడిగి స్తుతికి చూపించాడు. "ఇంకా ఉంది," అంది. మళ్లీ కడిగాడు.

"వస్తా," అన్నాడు. "ముందు ఆయనకు నా కన్ను సంగతి చెప్పు. ఆ తర్వాతే అట్టలు విప్పు."