గీతకు లోపల, గీతకు వెలుపల

రహదారి అంచున తెల్లగీత గీసి, దానికి ఇవతల ఆకుపచ్చ రంగు పూసి, ఇది సైకిళ్ళకు మాత్రమే అని బోర్డు పెట్టి ఏడు నెలలయింది. ప్రజాధనంతో వేసిన మార్గం గనుక దాన్ని ఎంతమంది వాడుతున్నారో ప్రతి నెలా పైవారికి లెక్క చూపాలి. ఆ లెక్క తీసే ఉద్యోగం ఆమెది. నెలకు ఆరు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, కూడలికి కాస్త ఇవతల మడతకుర్చీ వేసుకుని కూర్చుని, రోడ్డు మీద పసుపు రంగుతో వేసిన గుర్తును ఒక్కో సైకిల్ దాటినప్పుడల్లా అరచేతిలోని ఇనుప కౌంటరు మీటను ఒకసారి నొక్కాలి. నియమంలో సందేహానికి చోటు లేదు: రెండు చక్రాలూ తెల్లగీతకు లోపల ఉండి గుర్తును దాటితేనే లెక్క. గీతకు వెలుపల, బస్సుల పక్కన ఊపిరి బిగబట్టుకుని పోయే సైకిళ్ళ కోసం ఆ ఫారంలో గడి లేదు.

ఆమెకు నలభై ఏళ్ళు. చిన్నతనం నుంచీ కాపీపుస్తకంలో ఎర్రగీత దాటి ఒక్క అక్షరం రాయనిదని పేరు. నియమం చెప్పినదాన్ని చెప్పినట్టు చేయడమే నిజాయితీ అని ఆమె నమ్మింది. ఆ నమ్మకాన్ని ఎవరూ ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు.

గీతకు వెలుపల పోయేవాళ్ళలో ఆమె తల్లి ఒకతె. తల్లి ఇరవయ్యారేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఆవిరి యంత్రం కింద ఇస్త్రీ చేసే పనిలో ఉంది. ఆరున్నరకు పని మొదలు. ఆరూ పావు దాటగానే దూరం నుంచి సైకిల్ బెల్లు రెండుసార్లు మోగేది. ఆ వెనకే, హ్యాండిల్ మీదికి వంగిపోయి, తల్లితో పాతికేళ్ళుగా కలిసి పనిచేస్తున్న పొడుగామె వచ్చేది.

"ఏమ్మాయ్, ఇవాళైనా నన్ను లెక్కలో వేశావా?" అని తల్లి రోడ్డు మధ్య నుంచే కేకవేసేది.

"లేదమ్మా. నువ్వు గీత బయటున్నావు."

"విన్నావా వదినా! తొమ్మిది నెలలు మోసి కన్నాను. దీనికి ఒక్కసారి బొటనవేలు కదపడానికి ఒళ్ళు బరువు!"

"పెద్ద ఉద్యోగం కదమ్మా మరి. మనలాంటి వాళ్ళం కంటికానతామా?" అనేది పొడుగామె.

ఆమె నవ్వేది కాదు. కానీ ఆరూ పావు అయ్యేసరికి మెడ తనంతట తానే అటు తిరిగేది.

వాళ్ళు గీత లోపలికి ఎందుకు రారో ఆమెకు తెలుసు. ఆ దారి పొడవునా ముప్పై అడుగులకొకటి చొప్పున వాననీటి జాలీలు ఉన్నాయి. చదరంగా పోతపోసిన ఇనుప జాలీలు. వాటి ఊచలు దారికి అడ్డంగా కాక, దారి వెంట నిలువుగా ఉన్నాయి. ఊచకూ ఊచకూ మధ్య రెండు వేళ్ళ సందు; సైకిల్ టైరు సరిగ్గా దిగేంత. మొత్తం నలభై ఒకటి. మార్గాన్ని గీసినవారు కారులో కూర్చుని గీశారు కాబోలు, కారు చక్రానికి ఆ సందు కనిపించదు. జాలీని తప్పించుకుని పక్కకు పోదామంటే సరుకు దించే వ్యాన్లు ఆకుపచ్చ రంగు మీదే నిలబడి ఉంటాయి.

"మా లాండ్రీ నేలలో కూడా ఇలాంటి జాలీయే ఉండేది. బట్టల బండి చక్రం ఇరుక్కుని రోజూ చచ్చేవాళ్ళం" అని తల్లి ఒకనాడు చెప్పింది. "పొడుగు వదిన గడ్డపారతో పైకి లేపి, ఇలా అడ్డం తిప్పి మళ్ళీ దించేసింది. టీ చల్లారేలోగా అయిపోయింది. మీ సార్లకెందుకు తోచలేదే?"

ఆమె ఆ మాట ఇంజనీరుకు చెప్పింది. ఇంజనీరు మర్యాదస్తుడు, చివరిదాకా విన్నాడు. జాలీల పని రెండో దశలో ఉందనీ, రెండో దశకు నిధులు రావాలంటే మొదటి దశను ప్రజలు వాడుతున్నారని రుజువు కావాలనీ చెప్పాడు. మూడు నెలల గడువులో చివరిదైన ఆరు రోజుల లెక్కలో రోజుకు సగటున నూరు సైకిళ్ళు గుర్తు దాటాలి. అప్పటిదాకా అరవై దాటలేదు.

కార్యాలయం వరండాలో పర్యవేక్షకుడు ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏమ్మా, ఆ నూరు వస్తుందంటావా?"

"జాలీలుండగా ఎలా వస్తారు సార్?"

"రాకపోతే జాలీలు మారవు. మారకపోతే వాళ్ళు రారు. ఇది నేను పెట్టిన తిరకాసు కాదు తల్లీ, నా మీద అరవకు." అతను గొంతు తగ్గించాడు. "ఎలాగోలా అంకె రావాలి. నేను మాత్రం నీకేమీ చెప్పలేదు, సరేనా?"

అతని భావం ఆమెకు అర్థమైంది. మరొకరైతే ఖాళీ మార్గాన్ని చూస్తూ మీటను నలభైసార్లు అదనంగా నొక్కి ఊరుకునేవారు. ఎవరికీ చిన్న గీరుడైనా అయ్యేది కాదు. ఆమె అబద్ధపు అంకె వేయదు. కాబట్టి నిజమైన మనుషులను తేవాలనుకుంది.

ఆ సాయంత్రం తల్లి వంటగదిలో స్టూలు మీద కూర్చుని, బ్లీచింగు నీళ్ళకు చిట్లిన వేళ్ళకు నూనె రాసుకుంటోంది. ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అమ్మా, ఒక్క ఆరు రోజులు. మీ వాళ్ళందరినీ గీత లోపల రమ్మను."

"పళ్ళు రాలగొట్టుకోమంటావా?"

"మెల్లగా రండి. ఒక్కసారి నూరు దాటితే చాలు, జాలీలు తీసేసి కొత్తవి వేస్తారు. తర్వాత జీవితమంతా హాయిగా పోవచ్చు."

తల్లి నూనె సీసాకు మూత బిగించింది. "కాగితం మీద ఉందా ఆ మాట?"

"ఉంది. నేను చూశాను."

"నువ్వు చూశానంటే ఉన్నట్టే." సీసాను పక్కన పెట్టి, "అడక్క అడక్క అడిగావు. మొత్తానికి నన్ను లెక్కలో వేస్తావన్నమాట" అంది.

తల్లికి పని అప్పజెప్పితే సగంలో వదిలే అలవాటు లేదు. లాండ్రీ వాళ్ళతో ఆగక వంటశాల వాళ్ళను, ఊడ్చేవాళ్ళను, వార్డు ఆయాలను కూడా బతిమాలీ బెదిరించీ కూడగట్టింది. మొదటి రోజు నూట నాలుగు. ఐదో రోజు నూట పన్నెండు. జాలీ దగ్గరికి రాగానే సైకిళ్ళన్నీ పామల్లే వంకర తిరిగి, మళ్ళీ తిన్నగా వచ్చేవి. పసుపు గుర్తు దాటేటప్పుడు తల్లి రెండు చేతులూ హ్యాండిల్ మీద బిగించి, తల ఎత్తకుండానే, "నొక్కావా?" అని అడిగేది. "నొక్కాను" అని ఆమె జవాబు చెప్పేది. ఆ ఐదు రోజులూ ఆమె కూడా నవ్వింది.

ఆరో రోజు తెల్లవారుజామున వాన కురిసి వెలిసింది. మార్గమంతా చీలమండ దాకా బురదనీళ్ళు నిలిచి, ఏ జాలీ ఎక్కడుందో తెలియకుండా పోయింది. వద్దని చెప్పడానికి ఆమె లేచి నిలబడింది. అప్పటికే బెల్లు రెండుసార్లు మోగింది.

గుర్తుకు పన్నెండు అడుగుల అవతల ఒక రొట్టెల వ్యాన్ ఆకుపచ్చ రంగులో సగం ఆక్రమించి నిలబడి ఉంది. దాన్ని తప్పించుకోవడానికి తల్లి అంచుకు జరిగింది. ముందు చక్రం నీళ్ళలోకి దిగి, ఇరుసు దాకా కూరుకుపోయి, అక్కడే ఆగింది. సైకిల్ ఆగింది గాని తల్లి ఆగలేదు. హ్యాండిల్ మీదుగా లేచి, తెల్లగీతకు అవతల, వస్తున్న బస్సు ముందు పడింది.

ఆ తర్వాత ఆమెకు స్పష్టంగా గుర్తున్నది ఒక్కటే. తల్లి అవతల పడి ఉంది. ఇవతల, గీత లోపల, ఎవరూ పట్టుకోకుండానే సైకిల్ నిటారుగా నిలబడి ఉంది.

దారికి అడ్డమని ఎవరో దాన్ని పెరికి కాలిబాట మీద పడేశారు. కొలతలు తీసుకునే అధికారి వచ్చేసరికి జాలీలో ఏమీ లేదు. దేహం మార్గానికి వెలుపల నాలుగడుగుల దూరంలో ఉందని రాసుకుని వెళ్ళాడు.

మూడో రోజున ఆమె ఆ ఆరో ఫారం పూర్తి చేసింది. అందులో అడుగున 'ఇతర విశేషాలు' అని వేలెడు వెడల్పు గడి ఉంటుంది. ఎండ, వాన, మబ్బు తప్ప దానిలో ఎవరూ ఏమీ రాయరు. ఆమె చిన్న అక్షరాలతో, అంచు దాటకుండా, ఇలా రాసింది: 'ఆరూ ఇరవైకి, నేను కోరినందువల్ల మార్గం లోపలికి వచ్చిన స్త్రీ సైకిల్ ముందు చక్రం నిలువు ఊచల జాలీలో దిగబడి, ఆమె రోడ్డు మీదికి విసిరివేయబడి మరణించింది. ఆమె నా తల్లి.'

పది రోజుల తర్వాత విచారణకు పిలిచారు. పొడవైన బల్ల, మూడు కుర్చీలు, గాజు జగ్గులో నీళ్ళు. నడుమ కూర్చున్న అధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇంజనీరూ పర్యవేక్షకుడూ గోడవారగా కూర్చున్నారు.

"మీ బాధ మాకు తెలుసమ్మా. రెండు ప్రశ్నలడుగుతాను, అంతే. ఆవిడ మార్గంలో ఉందని మీరు రాశారు. మీరు తప్ప చూసినవాళ్ళు?"

"ఆమె వెనక వచ్చిన పొడుగు అత్త చూసింది."

"ఆవిడ స్నేహితురాలు. సరే. మీ ఫారంలో ఆరూ ఇరవై దాకా అంకె పదిహేడు అని ఉంది. ఆ పదిహేడులో మీ అమ్మగారున్నారా?"

"లేదండీ. గుర్తుకు పన్నెండడుగుల ముందే..."

"లెక్కలో లేరు."

"గుర్తు దాటలేదు కాబట్టి వేయలేదు. అది నియమం."

"నియమం మాకూ తెలుసు. గీత లోపల గుర్తు దాటినవాళ్ళే మార్గం వాడినట్టు. అవునా, కాదా?"

ఏడు నెలలుగా ఆ వాక్యం కింద ప్రతి ఫారం మీదా సంతకం చేసింది ఆమే.

"అవును" అంది.

"మరి మీ లెక్క ప్రకారమే ఆవిడ మార్గం వాడలేదు కదమ్మా."

ఆమె పర్యవేక్షకుడి వైపు తిరిగింది.

"సార్, ఎలాగోలా అంకె రావాలన్నారు మీరు. వరండాలో. వాళ్ళను నేను ఎందుకు పిలిచానో మీకు తెలుసు."

అతను కిటికీ వైపు చూశాడు. "నేనేమీ చెప్పలేదమ్మా" అన్నాడు. ఆ మాట నిజమే.

"పిలిచానని మీరే చెప్పుకోవడం మీకు మంచిది కాదు" అంది అధికారిణి, మెత్తగా. "అది కొట్టేయమంటారా?"

"వద్దండీ. పిలిచాను. నేను పిలవకపోతే ఆమె బయటే పోయేది. ఈరోజు కూడా పనికి వెళ్ళేది. అది ఉంచండి. జాలీ మాట కూడా ఉంచండి. రెండూ కలిపే రాశాను."

రెండూ ఉంచలేదు. పూర్తిగా నాలుగు గంటలూ లెక్క తీయలేదు గనుక ఆరో ఫారం అసంపూర్ణమని పక్కన పెట్టారు. మిగిలిన ఐదు రోజుల సగటు నూరు దాటింది. మరణం మార్గానికి వెలుపల, సొంత అజాగ్రత్త వల్ల జరిగిందని తేల్చారు. రెండో దశ నిధులు మంజూరయ్యాయి. ఆ పనుల జాబితాను ఆమె కార్యాలయం గోడ మీద చదివింది: ఆకుపచ్చ రంగు మరొక పూత, ఎన్ని సైకిళ్ళు దాటాయో వెలుగు అంకెల్లో చూపే తెర ఒకటి, ప్రారంభోత్సవ వేదిక. జాలీలు మూడో దశకు వెళ్ళాయి. ఆమె ఉద్యోగ గడువును పొడిగించలేదు. కౌంటరు తిరిగి అప్పగించి రసీదు తీసుకుంది.

తల్లి వస్తువులు తెచ్చుకోవడానికి లాండ్రీకి వెళ్ళింది. రబ్బరు చెప్పులు, ఒక ఏప్రన్, నూనె సీసా. పొడుగామె వాటిని సంచిలో పెట్టి, సంచి ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది.

"నా మీద కోపం ఉంటే తిట్టండి అత్తా."

"ఎందుకు లేదు, ఉంది. ఆవిడ ఉన్నా తిట్టేదే. తిట్టి మళ్ళీ వచ్చేది."

ఆవిరి మధ్య నుంచి తడి దుప్పట్ల బండి ఒకటి వాళ్ళ పక్కగా దొర్లుకుంటూ పోయింది. నేలలోని జాలీ మీద దాని చక్రాలు టకటకమని దాటాయి. ఎక్కడా ఇరుక్కోలేదు. ఆమె ఆ ఊచలను చాలాసేపు చూసింది. అవి అడ్డంగా ఉన్నాయి.

"ఆ గడ్డపార ఇంకా ఉందా అత్తా?"

మర్నాడు ఐదు గంటలకే ఆమెతో కలిపి నలుగురు ఆడవాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు. గుర్తుకు పన్నెండడుగుల అవతలి జాలీని మొదట లేపారు. పొడుగామె గడ్డపార మీద బరువంతా మోపింది. తక్కినవాళ్ళు అంచు పట్టుకుని పావు వంతు తిప్పి, ఎత్తిన చోటే దించారు. చదరం గనుక సరిగ్గా కూర్చుంది. ఏ సామానూ కొనలేదు, ఏ కాగితం మీదా ఎవరి సంతకమూ అడగలేదు. ఇంతేనా అని ఎవరూ అనలేదు, అనుకున్నారు.

మూడో రోజున ఇంజనీరు నోటీసుతో వచ్చాడు. వెంట ఇద్దరు సిబ్బంది. ప్రజా ఆస్తిని పాడుచేసినందుకు కేసు పెడతారని చదివి వినిపించాడు. అతని గొంతులో ఇప్పటికీ మర్యాద ఉంది.

"ఎందుకమ్మా ఈ గొడవ? మూడో దశలో వస్తుందన్నాం కదా. ఎవరెవరు చేశారో పేర్లు చెప్పండి."

"నేనే."

"నలుగురిని చూసినవాళ్ళున్నారు."

"అయితే వాళ్ళనే అడగండి. నా పేరు మాత్రం రాసుకోండి."

అతను కలం తీశాడు. "ఎన్ని కదిపారు?"

ఏడు నెలల అలవాటు కొద్దీ ఆమె బొటనవేలు ఖాళీ అరచేతిలో ఒకసారి వంగింది.

"పంతొమ్మిది. ఇంకా ఇరవై రెండు ఉన్నాయి. అంకె సరిగ్గా వేయండి సార్. ఈసారి మా అమ్మ పడ్డ జాలీ కూడా లెక్కలో ఉంది."

అతను రాసుకుని, కింద సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు. ఆమె గీత మీద, అంచు దాటకుండా, సంతకం చేసింది. తర్వాత పక్కకు తిరిగి, ఇరవయ్యో జాలీ సందులోకి గడ్డపార దూర్చింది.