పాట చివర మిగిలిన మాట

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇంకా నాలుగేళ్లుంది. దోహాలో మాత్రం సంబరాలు అప్పుడే మొదలయ్యాయి. ఆ సాయంత్రం ఓ పెద్ద హోటల్ పచ్చికలో పార్టీ. పొద్దున్నుంచి ఇనుప గొట్టాలు బిగించి అక్కడ వేదిక నిలబెట్టిన పదకొండు మందిలో రాజనర్సు ఒకడు. జగిత్యాల వైపు మనిషి, యాభైకి దగ్గరపడ్డాడు. అతిథులు వచ్చేలోపు వీళ్లంతా బస్సెక్కి మాయమైపోవాలి. కట్టినవాళ్లు కనబడితే పార్టీకి అందం చెడుతుంది కాబోలు.

మిగిలిన గొట్టాలు సర్దుతుంటే వేదిక మీద డ్రమ్ముల మోత మొదలైంది. రాజనర్సు చేతిలో స్పానర్ అలాగే ఆగిపోయింది. తెల్లకోటు వేసుకున్న బట్టతల ముసలాయన ఒకడు మైకు పట్టుకుని రిహార్సల్ చేస్తున్నాడు. పేరు రికో వెలార్, ఇటలీ గాయకుడు. ఎనభైల్లో ఒకే ఒక్క పాటతో లోకాన్ని ఊపేశాడు. తర్వాత ఎవరికీ పట్టలేదు. ఆ ఒక్కదాన్నే ఇప్పటికీ దేశదేశాలా మోసుకు తిరుగుతున్నాడు.

"భాయ్, గీ పాట అయిపోయినంక వస్త," అని ఫోర్‌మన్ ఇక్రాముద్దీన్‌ను బతిమాలాడు రాజనర్సు.

ఇక్రాముద్దీన్‌ది బోధన్. "ఒక్క పాటనే. బస్సు ఆగది మళ్ల," అన్నాడు.

పదిహేడేళ్ల వయసులో రాజనర్సుకు ఈ పాటంటే పిచ్చి. ఆ రోజుల్లో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉత్తరాలకు బదులు క్యాసెట్లో మాట్లాడి పంపేవారు. అన్న గంగన్న కూడా ఇదే దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలోని తన గదిలో కూర్చుని అయిదు నిమిషాలు మాట్లాడి పంపాడు. ఇంటిల్లిపాదీ పదిసార్లు విన్నారు. వచ్చే నెల ఎలాగూ ఇంకోటి వస్తుంది కదా అని, పక్కింటి టేప్ రికార్డర్లో ఆ క్యాసెట్ మీదే ఈ పాట ఎక్కించుకున్నాడు రాజనర్సు. వచ్చే నెల క్యాసెట్ రాలేదు, గంగన్న శవం వచ్చింది.

"వాని గొంతు పెట్టు బిడ్డా," అని తల్లి గంగాబాయి అడిగితే ఇటలీ పాట మోగింది. పాట చివర గంగన్నవి రెండు ముక్కలే మిగిలాయి. "అవ్వా, యాళ్లకు తిను. నేను మంచిగనే ఉన్న." వాటి కోసం ఆవిడ రోజూ ఆ డ్రమ్ముల గోలంతా ఓపిగ్గా వినేది.

"అది నీకోసమే ఉంచిన అవ్వా," అని చెప్పాడు రాజనర్సు. పచ్చి అబద్ధం. పాట ఎక్కుతుండగా మధ్యలో కరెంటు పోయింది, అంతే. గంగాబాయి మాత్రం "అన్న ఆఖరి మాట ముట్టలేదు నా చిన్నోడు" అని వాడకట్టంతా చెప్పుకుంది. వినగా వినగా రాజనర్సు కూడా అదే నిజమనుకున్నాడు. తల్లి పోయింది. క్యాసెట్ రీలు తెగిపోయింది. అసలు పాట ఎంతుంటుందో మరిచిపోయాడు, అన్న గొంతూ మరిచిపోయాడు. ఈ మరుపే అతన్ని కాల్చుకు తింటోంది. ఇవాళ పాట వింటే, దాని వెనకే ఆ గొంతు ఒక్కసారి గుర్తొస్తుందని ఆశ.

ముసలాయన పెదాలు ఊరికే కదుపుతున్నాడు. మోగేది పాత రికార్డే. ఈలలు, చప్పట్లు, అన్నీ అదే వరసలో వచ్చాయి. కరెంటు పోయిన చోటు వచ్చింది.

"అవ్వా" అని వినబడాల్సిన చోట ముసలాయన ఇంకో చరణం ఎత్తుకున్నాడు. "యాళ్లకు తిను" దాటిపోయింది. "మంచిగనే ఉన్న" కూడా దాటిపోయింది. పాట ఇంకా సాగుతూనే ఉంది. ఆ రోజు కరెంటు ఉండుంటే అన్న మాట ఒక్క ముక్కా మిగిలేది కాదు. తను ఆపేవాడు కాదు.

బస్సులో ఇక్రాముద్దీన్ అడిగాడు, "మంచిగుందా నీ పాట?"

"శాన పొడుగుంది భాయ్," అన్నాడు రాజనర్సు.