రెజీనా చెప్పిన సాక్ష్యం

క్రాంతి కుమార్ ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపేవాడు. చిన్న వయసులోనే షుగరు పట్టుకుంది. ఇన్సులిన్ సూది వేసుకోకపోతే మనిషి నిలవలేని రకం షుగరు. అతనూ, భార్య రెజీనా, తల్లి విశ్వాసమ్మ ఆదివారం తప్పకుండా పాస్టరు ఏసురాజు అయ్యగారి మందిరానికి పోయేవాళ్లు. ఒక ఉపవాస కూడికలో అయ్యగారు అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు.

"నీకు స్వస్థత అయిపోయిందప్పా. ఇంకా సూది పొడుచుకుంటాండావంటే దేవుణ్ణి నమ్మనట్లే."

క్రాంతి ఆ రోజే సూదులు మానేశాడు. రెజీనా బతిమాలింది, పోట్లాడింది. "నీ అపనమ్మకం నాకంటించొద్దు" అన్నాడు. వారం తిరగకముందే వాంతులు, ఆయాసం. ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. మళ్లీ కళ్లు తెరవలేదు.

సమాధి దగ్గర అయ్యగారు, ప్రభువు తన బిడ్డను పిలుచుకున్నాడని చెప్పాడు. తర్వాతి ఆదివారం మందిరంలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ రెజీనా లేచి మైకు అందుకుంది. దేవుడిచ్చిన ఓదార్పు గురించి చెబుతుందని అందరూ అనుకున్నారు.

"అయ్యగారూ, సూది మానమని మీరే చెప్తిరి. మీ మాట ఇని నా మొగుడు సచ్చిపోయినాడు. ఈడ ఇంకా ఎంతమంది మందులు మానుకోని కూర్చోనుండారో అడగండి. నేను దేవుణ్ణి ఏమీ అనల్యా. మిమ్మల్నే అంటాండా."

మందిరంలో పాటలు పాడే అమ్మాయి దీవెన వచ్చి మైకు లాక్కుంది. ఆమె తండ్రికీ షుగరే. ఆయనా మాత్రలు మానేసినవాడే. "దైవసేవకుణ్ణి అంటే మన ఇండ్లకే కీడు. ఊరుకో అక్కా" అంది భయంగా.

అయ్యగారికి కోపం రాలేదు. కళ్లు మూసుకుని, రెజీనాలో చేరిన దురాత్మ విడిచిపోవాలని ప్రార్థన చేశాడు. అందరూ ఆమేన్ అన్నారు. విశ్వాసమ్మ గొంతు అందరికంటే పైకి వినిపించింది.

ఇంటికి వచ్చాక రెజీనా అత్తను నిలదీసింది. "నీ కొడుకు కదత్తా! నీకు కడుపు మండల్యా?"

"ఆయప్పది తప్పయితే నా కొడుకు ఊరికే సచ్చినట్లేనా?" విశ్వాసమ్మ అరిచింది. "పరలోకంలో ఉండాడనుకోని బతుకుతాండా. అది గూడా పీకేస్తావా నువ్వు?"

ఆ తర్వాత రెజీనాను మందిరానికి రానివ్వలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకున్నారు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ప్రార్థన చేద్దామని మోకరిస్తే అయ్యగారి గొంతే చెవుల్లో మోగేది. ఆమెకు తెలిసిన ప్రార్థన మాటలన్నీ ఆయన నేర్పినవే. సగంలోనే ఆపేసి లేచేది.

క్రిస్మస్ నెలలో ఒక ఆదివారం విశ్వాసమ్మ మందిరం నుంచి వచ్చి గడప మీద కూలబడింది.

"అయ్యగారు ఈ పొద్దు చెప్పినాడు. మందులు గూడా దేవుడిచ్చినవేనంట. ఎవురూ మానొద్దన్నాడు. దీవెన వాళ్ల నాయన మళ్లా మాత్రలు మింగుతాండాడు. అయ్యగారికి ఎంత జ్ఞానమో అని అందరూ ఒకటే పొగడడం."

"నా పేరెత్తినాడా?"

"ల్యా."

"నీ కొడుకు పేరు?"

విశ్వాసమ్మ తల అడ్డంగా ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాటేదో ఆ పొద్దే చెప్పింటే..." అని, గబుక్కున వీధివైపు చూసి గొంతు తగ్గించింది. "నేనన్నానని యాడా అనొద్దు మే."