వేలిముద్ర కింద పేరు

"తుపాకి పట్టిన చెయ్యి రేపు ఆకు కత్తిరిస్తదా?" అంది లసుమవ్వ, మంచం మీది నుంచే.

శారద ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును రేకు ముక్క కొలతకు కత్తిరిస్తూనే ఉంది. అత్త మాటలు విని ఊరుకోవడం కోరుట్లలో కాపురానికొచ్చిన ఈ ఇరవై రెండేళ్లలో బీడీ చుట్టడమంత అలవాటైంది.

తుపాకి అంటే శారద కూతురు నవ్య బడిలో పట్టుకునే ఎయిర్ రైఫిల్. పది మీటర్ల దూరంలో, కాగితం మీద సూదిమొనంత చుక్క. దాన్ని కొట్టాలి. ఉన్న ఒక్క రైఫిల్‌తో ఏడుగురు పిల్లలు నేర్చుకుంటారు. జగిత్యాల పోటీలో నవ్య మొదటి స్థానంలో నిలిచింది. సొంత రైఫిల్, ఏడాది శిక్షణ ఉంటేనే ముందుకు పోతుందని ఆటల సారు ప్రేమ్‌సాగర్ చెప్పాడు. స్కాలర్‌షిప్‌ల కోసం రెండు నెలలు ఆయనే వెతికాడు. ఒకరు జాతీయ పతకం ఉంటేనే ఇస్తామన్నారు. పతకం తేవడానికే కదా అడుగుతున్నది, అనుకుంది శారద. ఇంకొకరు క్లబ్బు సభ్యత్వం అడిగారు. చివరికి ఒక్క ట్రస్టు మిగిలింది. అది కార్మికుల పిల్లలకే ఇస్తుంది. శుక్రవారం ఆఖరు రోజు.

ఆ ఫారం శారదే చదివింది. మూడేళ్ల కింద నవ్య పాత పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్న అక్షరాలు. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ పోతుంటే 'తల్లి వృత్తి' దగ్గర వేలు ఆగింది. బతికున్నన్నాళ్లు భర్త తిరుపతి నవ్య బడి కాగితాల్లో ఆ గడిలో గృహిణి అనే రాయించాడు. "ఇంట్ల కూసొని చేసేది గూడ ఒక పనేనా?" అనేవాడు, ఆమె చేసిన బీడీల మీద వచ్చిన బియ్యం తింటూనే. అప్పటికి చదువు రాదు కాబట్టి ఆ గడిలో ఏముందో ఆమెకు తెలియలేదు. ఆయన పోయి ఎనిమిదేళ్లు. ఇప్పుడు నవ్య అదే గడిలో 'బీడీ కార్మికురాలు' అని రాసింది. దాని కింద, పనిచేసే చోటు నుంచి ధ్రువపత్రం జతచేయాలని ఉంది.

కార్ఖానాలో రాజమౌళి బీడీ కట్టలు చూసి తీసుకుంటాడు, ఆకు, తంబాకు ఇస్తాడు. సంగతి విని రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

"నువ్వే సూడు చెల్లె. నీ పేరెక్కడున్నది?"

పేజీలు తిప్పింది. అన్నింటిలోనూ లసుమవ్వ పేరే. పెళ్లయిన కొత్తలో "ఇంట్ల రెండు బీడీ కార్డులెందుకు, అమ్మ కార్డు మీదనే ఏస్తే అయిపాయె" అన్నాడు తిరుపతి. కార్డు చదువొచ్చినవాళ్ల వ్యవహారమనుకుని ఆమె తలూపింది. అత్త కళ్లకు పొర కమ్మి పన్నెండేళ్లయింది. అప్పటి నుంచి ఆమె ఒక్క బీడీ చుట్టలేదు.

"అన్నా, గీ పేర్ల పక్కనున్న ఏలిముద్రలు ఎవలియి?"

రాజమౌళి అటూ ఇటూ చూశాడు. "నీయే. నాకెరుకలేదా? నీ చేతి బీడీని కండ్లు మూసుకొని గుర్తువడ్త. గని గా మాట కాగితం మీద రాస్తే నా పని పోతది, మీ అత్త కార్డు పోతది. కొత్త కార్డులు ఇప్పుడు రాస్తలేరు."

ఇంటికొచ్చి అత్త ముందు కూర్చుంది. "అత్తా, ఒక్కసారి నాతోని వచ్చి నిజం జెప్పు. పిల్ల కోసం."

లసుమవ్వ తలగడ కింద చెయ్యి పెట్టి ప్లాస్టిక్ సంచిలో ఉన్న కార్డును తడిమి చూసుకుంది.

"ముప్పయ్యేండ్లు చేసిన బిడ్డా. నడుం వంగిపాయె, కండ్లు పాయె. ఇల్లు మీ మామ పేరు మీదుండె, ఇప్పుడు మీ మరిది పేరు మీదున్నది. నా పేరు మీద గిదొక్కటే ఉన్నది. ఇది గూడ నాది కాదని నా నోటితోనే చెప్పాల్నా?"

శారదకు కోపం రావాల్సింది. రాలేదు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

శుక్రవారం పొద్దున ధ్రువపత్రం లేకుండానే ఫారం పంపారు. "ఆశ పెట్టుకోకండమ్మా" అన్నాడు ప్రేమ్‌సాగర్. నవ్య ఏడవలేదు. బడికి పోయే ముందు తల్లి పక్కన కూర్చుని కట్టలకు దారం చుట్టింది. చుక్క కొట్టే ముందు ఏం చేస్తావని శారద అడిగితే, "ఊపిరి సగం విడిచి ఆపుకుంట. వేలు తప్ప ఏదీ కదలద్దు" అని చెప్పింది.

మధ్యాహ్నం కార్ఖానాలో రాజమౌళి కట్టలు చూసుకుని, ఎప్పటిలాగే సిరా డబ్బా ముందుకు తోశాడు. అక్షరాలు వచ్చాక కూడా మూడేళ్లుగా ఆమె అక్కడ బొటనవేలే ఒత్తింది. లసుమవ్వకు సంతకం రాదు కదా మరి.

శారద వేలు కొంగుకు తుడుచుకుంది. ఆయన జేబులోని పెన్ను అడిగి తీసుకుంది. అత్త పేరు కొట్టెయ్యలేదు. దాని కింద, ఊపిరి సగం విడిచి ఆపుకుని, మూడక్షరాలు రాసింది.

"ఏం జేసినవ్ చెల్లె? రేపు తనిఖీకొస్తే గీ పేజీ ఎట్ల చూపియ్యాలె?"

రేపు తనకు ఆకు ఇస్తాడో లేదో ఆమెకు తెలియదు. పెన్ను మూత పెట్టి ఆయన చేతికిచ్చింది.

"చూపియ్యి అన్నా," అంది.