కుచ్చులూడిన పిట్ట

మల్లికార్జునరావు గారి పాస్‌పోర్టు గడువు దగ్గరపడింది. రెన్యూ చేయిస్తే పదేళ్ళకిస్తారు. “నా మొహానికి పదేళ్ళెందుకురా, దండగ!” అని ఆయన ఫొటోకే రానన్నాడు. కొడుకు రాకేష్ బతిమాలి బతిమాలి అలిసిపోయాడు. పోయినేడు గుండెలో స్టెంటు వేసినప్పటి నుంచీ ఇదే వరస. అమెరికాలో, కమ్మింగ్ ఊళ్ళో కొడుకింట్లో ఉంటూ, రేపన్న మాట ఎవరెత్తినా ఇంతెత్తున లేస్తాడు.

అలాంటాయన చెవిన అదే ఊళ్ళో ఉండే చాముండేశ్వరి గారు ఓ మాట వేశారు. గుడిలో పులిహోర తింటూ, “మా ఇంద్రజ రక్తం బొట్టు చూసి సముద్రపక్షుల ఆయుష్షు చెప్పేస్తుందండీ అన్నయ్యగారూ!” అన్నారు. కన్నతల్లి గొప్పలు, విని నవ్వేసి ఊరుకోవాలా? ఈయన ఊరుకోలేదు. మర్నాడే షుగర్ మిషన్ జేబులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళి, పక్షుల మీద పరిశోధన చేసే ఇంద్రజ ముందు వేలు చాపాడు.

“నాదీ చూసి చెప్పమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు, ఏడవనులే.”

ఇంద్రజ తల్లి వైపు గుర్రుగా చూసింది. ఆవిడ తనకేం తెలియనట్టు పెరట్లో కుండీల దగ్గరికి జారుకున్నారు.

“అయ్యో అంకుల్, అది ఆయుష్షు కాదు! నేను చూసేది టెలోమియర్స్. సెల్స్‌లో క్రోమోజోములు దారాల్లా ఉంటాయి కదా, వాటి చివర్లు ఊడిపోకుండా ఉంచే కాప్స్. ఆకలి, తుఫాను, స్ట్రెస్... కష్టాలు పడ్డకొద్దీ అరుగుతాయి.”

మంగళగిరిలో జీవితమంతా చీరలమ్మిన మనిషి ఆయన. “కొంగు కుచ్చులన్నమాట! పోగులు జారకుండా ముళ్ళేస్తామే!”

“ఎగ్జాక్ట్లీ!”

“అయితే నా కుచ్చులెంతున్నాయో చూడు.”

ఇంద్రజ నవ్వింది గాని వేలు ముట్టుకోలేదు. “శనివారం నా బోట్‌లో రండి అంకుల్. ముందు నా పక్షుల్ని చూడండి, తర్వాత అడుగుదురుగాని.”

వచ్చేటప్పుడు చాముండేశ్వరి గారు కరివేపాకు పిలక ఇవ్వబోయారు. “అది చెట్టయ్యేసరికి తినేదెవరమ్మా” అని ఆయన తీసుకోలేదు.

శనివారం రాకేష్ సముద్రం ఒడ్డునున్న సవానా దాకా డ్రైవ్ చేశాడు. బోటు ఒక ఇసుక దిబ్బకి కాస్త దూరంలో ఆగింది. దిబ్బ నిండా తెల్లటి టెర్న్ పక్షులు, నారింజ రంగు ముక్కులు, ఒకటే అరుపులు. పెళ్ళింట్లో కూడా అంత గోల ఉండదు. ఇంద్రజ ఆయనకి బైనాక్యులర్స్ ఇచ్చింది.

“కాలికి పచ్చ పట్టీ ఉన్నది కనబడిందా? పిల్లగా ఉన్నప్పుడు దాని బ్లడ్ నేనే తీశాను. ఆ ఏడు తుఫాను, తిండి లేదు. ఆ బ్యాచ్ మొత్తంలో దాని టెలోమియర్సే పొట్టి. ఇది బతకదులే అనుకున్నాను.”

ఆయనకి తన సంగతే చెబుతున్నట్టనిపించింది. “మరి?”

“చూడండి.”

పట్టీ పక్షి నీళ్ళ మీదికి ఎగిరి, చేపతో తిరిగొచ్చింది. అన్ని వందల పిల్లల్లో తన పిల్ల గొంతు పోల్చుకుని దాని నోట్లో పెట్టింది. పిల్ల గుటుక్కున మింగింది.

“పొట్టివాటికి కష్టం ఎక్కువే అంకుల్, అబద్ధం చెప్పను. వందల్లో చూస్తే అది నిజం. కానీ ఒక్కదాన్ని చూపించి, ఇది ఇన్నాళ్ళే ఉంటుందని చెప్పడం నా వల్ల కాదు. పడ్డ కష్టం తెలుస్తుంది. మిగిలిన ఆయుష్షు తెలీదు.”

ఆయన బైనాక్యులర్స్ దించలేదు. కొట్లో కుచ్చులూడిన చీరలు ఎన్ని అమ్మలేదు తను! ‘కుచ్చులదేముందమ్మా, నేత గట్టిది, మీ మనవరాలు కూడా కడుతుంది’ అని ఒట్టేసి మరీ చెప్పేవాడే! తన దాకా వచ్చేసరికి ఆ నోరేమైందో! తన తెలివికి తనకే నవ్వొచ్చింది. పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళకో గుండె తేలికైంది.

“నాన్నా, ఆర్ యూ ఓకే?” అన్నాడు రాకేష్ కంగారుగా.

ఆయన ఇంద్రజ వైపు తిరిగాడు. “ఆ పిల్ల ఎప్పటికి తల్లవుతుందమ్మా?”

“మూడు నాలుగేళ్ళు పడుతుంది అంకుల్.”

“అయితే దానికీ పట్టీ వేసి ఉంచు. వచ్చి చూస్తాను.”

తిరుగు దారిలో తనే ఫొటో కొట్టు చూపించి కారాపించాడు. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదట. ఆ కొట్టమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా పెదాలు మాట వినవే!

కమ్మింగ్ చేరాక ఇంటి వైపు తిరగబోతుంటే ఆయన రాకేష్ భుజం తట్టాడు. “ముందు చాముండేశ్వరి గారింటికి పోనీరా. ఆ కరివేపాకు పిలక ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమో.”